డేగల లెక్కకు మొదటిసారి కొండెక్కుతున్నాను: ఏం చూడాలి, ఎలా లెక్కపెట్టాలి?

కొత్తపిట్ట | సెప్టెంబరు 6, ఉదయం 9:14

అందరికీ నమస్కారం. అమెరికా తూర్పున ఉన్న అపలాచియన్ కొండల వరసలో ఒక శిఖరం మీద జరిగే వలస డేగల లెక్కకు ఈ నెల మూడో వారంలో సాయంగా కూర్చోమని పిలిచారు. పిట్టల్ని చూడటం నాకు అలవాటే. కానీ నేను చూసేవన్నీ చెట్ల మీదా పొదల్లోనూ దగ్గరగా కనబడేవి. మైలు దూరంలో చుక్కలా పోయేదాన్ని చూసి ఇది ఫలానా డేగ అని చెప్పడం ఇంతవరకు చేయని పని.

నా ప్రశ్నలు ఇవీ. ఏ రోజు ఎక్కువ పక్షులు వస్తాయో ముందే చెప్పగలమా? గుంపుగా గిరికీలు కొడుతుంటే ఒకే పక్షిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఎలా చూసుకోవాలి? గుర్తుపట్టలేకపోతే ఏం రాయాలి? ఇంకోటి కాస్త పెద్ద ప్రశ్న. ఉపగ్రహ ట్యాగులూ రాడార్లూ వచ్చాక కూడా మనుషులు కొండ మీద కూర్చుని లెక్కపెడితే నిజంగా ఉపయోగం ఉందా? నా దగ్గర 8×42 బైనాక్యులర్స్ ఉన్నాయి, టెలిస్కోప్ లేదు.

గాలివాటం | సెప్టెంబరు 6, మధ్యాహ్నం 12:40

ముందు గాలి సంగతి తెలుసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

డేగ వేల మైళ్లు రెక్కలాడిస్తూ పోలేదు. అలా పోతే ఒంట్లో దాచుకున్న కొవ్వంతా సగం దారిలోనే అయిపోతుంది. అందుకని పైకి లేచే గాలి ఎక్కడుందో వెతుక్కుంటూ పోతుంది. అలాంటి గాలి రెండు రకాలు. ఎండకు నేల వేడెక్కి లేచే గాలి ఒకటి, దాన్ని థర్మల్ అంటాం. గాలి వీస్తూ వచ్చి కొండ వాలుకు తగిలి, పోయే దారి లేక పైకి మళ్లేది రెండోది. అపలాచియన్ వరస ఈశాన్యం నుంచి నైరుతికి పడుకుని ఉంటుంది. దానికి అడ్డంగా వాయవ్యం నుంచి గాలి కొట్టిందంటే వాలు పొడుగునా ఆ ఎత్తుగాలి తెగకుండా దొరుకుతుంది. డేగ రెక్క కదపకుండా కొండ అంచు వెంబడి జారుకుంటూ పోతుంది. అలాంటి రోజుల్లో పక్షులు మన కళ్లకు ఎదురుగా, ఒక్కోసారి మన కాళ్లకింద కూడా పోతాయి.

కాబట్టి వాతావరణ సూచనలో కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) ఎప్పుడు దాటుతుందో చూడండి. ఫ్రంట్ వెళ్లిపోయి, వాన వెలిసి, గాలి వాయవ్యానికి తిరిగిన ఆ ఒకటి రెండు రోజులే మంచి రోజులు. తూర్పు గాలో దక్షిణపు గాలో వీస్తుంటే పక్షులు వరసను వదిలి లోయ మీదుగా చెదిరిపోతాయి.

మీరు వెళ్లేది మూడో వారం అంటున్నారు కనుక, అది బ్రాడ్‌వింగ్‌ల వారం. ఈ డేగలు మాత్రం కొండగాలి కన్నా థర్మల్స్ మీదే ఎక్కువ ఆధారపడతాయి. తక్కువ గాలి, మంచి ఎండ, అక్కడక్కడ దూదిమబ్బులు ఉన్న రోజున కూడా వందల్లో రావచ్చు.

రాళ్లగుట్ట | సెప్టెంబరు 6, సాయంత్రం 6:05

గాలివాటం గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మబ్బు లేని నీలాకాశం చూసి సంబరపడొద్దు. లెక్కపెట్టేవాళ్లకు దాని అంత కష్టమైన ఆకాశం లేదు. చూపు నిలబడటానికి పైన ఏ ఆధారమూ ఉండదు, కన్ను ఏ దూరానికి సర్దుకోవాలో దానికే తెలియదు. రెండు వేల అడుగుల ఎత్తున పోయే గుంపు కూడా కనబడకుండా దాటిపోతుంది. వెనక తెల్లమబ్బు ఉంటే అదే గుంపు మిరియాలు చల్లినట్టు కనిపిస్తుంది.

మంచి ఎండరోజున మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు గంటల దాకా పక్షులు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. అవి ఆగవు. థర్మల్స్ బలపడి మన చూపు అందని ఎత్తుకు వెళ్లిపోతాయి. ఆ సమయంలో పడుకుని నెత్తి మీద ఆకాశాన్ని బైనాక్యులర్స్‌తో వెతకండి.

వెతకడానికి ఒక క్రమం పెట్టుకోండి. ముందు పక్షులు వచ్చే దిక్కున దిగంతం గీత వెంబడి ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా ఒక వరస. తర్వాత ఒక చూపు (బైనాక్యులర్స్‌లో ఒకసారి కనిపించేంత మేర) పైకి జరిగి, కుడి నుంచి ఎడమకు ఇంకో వరస. తర్వాత కళ్లు బైనాక్యులర్స్ నుంచి తీసి ఉత్త కళ్లతో దగ్గరి వాలును, కింద లోయను చూడండి. మళ్లీ మొదటికి. కొత్తవాళ్లు చేసే పని ఏమిటంటే ఒకే చోట చూపు పెట్టి, ఎవరో "అదిగో" అంటే అటు తిరగడం. ఆ "అదిగో" మీరే అనాలి.

ఏ కొండ మీదైనా ఎదురుగా కనిపించే గుట్టలకూ పల్లాలకూ అక్కడివాళ్లు నంబర్లో పేర్లో పెట్టుకుని ఉంటారు. వెళ్లగానే అవి నేర్చుకోండి. "మూడో గుట్ట పైన, రెండు చూపుల ఎత్తున, ఎడమకు" అంటే ఇంకో మనిషికి రెండు సెకన్లలో పక్షి దొరుకుతుంది. "అక్కడ, ఆ మబ్బు పక్కన" అంటే ఎవరికీ దొరకదు.

దుర్భిణి | సెప్టెంబరు 7, ఉదయం 6:50

ఇక గుర్తుపట్టే సంగతి. రంగు మీద ఆధారపడకండి. దూరాన రంగు కనబడదు, కనబడినా వెలుతురు మోసం చేస్తుంది. చూడాల్సింది రెక్కలు పట్టుకునే తీరు, తోక పొడవు, ఎగిరే లయ.

పెద్ద పక్షి, రెక్కలు పైకెత్తి ఇంగ్లిషు వి ఆకారంలో పట్టుకుని, గాలికి అటూ ఇటూ ఒరుగుతూ పోతే అది టర్కీ వల్చర్, రాబందు జాతి. ఎదురుగా వచ్చేటప్పుడు రెక్కలు రెండూ చదునుగా ఒకే గీతలో ఉంటే బాల్డ్ ఈగిల్. గోల్డెన్ ఈగిల్ రెక్కలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి, తల చిన్నది. ఆస్ప్రే రెక్కలు మణికట్టు దగ్గర వంగి కిందనుంచి చూస్తే ఎం అక్షరంలా కనిపిస్తాయి. హారియర్‌కు పొడవు తోక, పొడవు రెక్కలు, తోక మొదట్లో తెల్లమచ్చ. ఆ మచ్చ చాలా దూరం నుంచి తెలుస్తుంది.

రెడ్‌టెయిల్‌ను తోక ఎరుపుతో వెతకొద్దు, పిల్లపక్షికి ఆ ఎరుపు ఉండదు. భుజం నుంచి మణికట్టు దాకా రెక్క ముందు అంచున ముదురు పట్టీ ఉంటుంది. వయసు ఏదైనా అది ఉంటుంది. బ్రాడ్‌వింగ్ దానికన్నా బాగా చిన్నది, కాకి అంత. కింద లేత రంగు, రెక్క వెనక అంచున నల్లటి గీత గీసినట్టు ఉంటుంది. పెద్ద పక్షి తోక మీద వెడల్పాటి తెల్ల పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది.

అందరూ తగువులాడుకునేది షార్ప్‌షిన్, కూపర్స్ దగ్గర. రెండూ పొట్టి రెక్కలు, పొడవు తోక ఉన్న డేగలే. రెండూ నాలుగైదు సార్లు రెక్కలాడించి కాసేపు జారతాయి. షార్ప్‌షిన్ రెక్కల ఊపు చాలా వేగం, ఒక్కో ఊపు లెక్కపెట్టలేం. మణికట్లు ముందుకు తోసుకుని ఉండటం వల్ల తల లోపలికి పోయినట్టు ఉంటుంది. కూపర్స్‌కు రెక్క ముందు అంచు తిన్నగా ఉండి తల బాగా ముందుకు పొడుచుకొస్తుంది, ఊపు నిదానం. ఆడ షార్ప్‌షిన్ మగదానికన్నా బాగా పెద్దది. అందుకని పరిమాణం ఒక్కటీ చూసి తేల్చకండి.

ఫాల్కన్లు వేరే సంగతి. మొనదేలిన రెక్కలు, తిన్నటి దారి. కెస్ట్రెల్ తేలికగా, గాలి ఎటు నెడితే అటు కొంచెం ఊగుతూ పోతుంది. మెర్లిన్ ఎక్కడికో ఆలస్యమైనట్టు దూసుకుపోతుంది. పెరిగ్రిన్‌ను ఒకసారి చూశాక మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

లెక్కలమాస్టారు | సెప్టెంబరు 7, రాత్రి 9:22

కొత్తపిట్ట గారూ, మీరు అడిగిన రెండో, మూడో ప్రశ్నలకు నేను చెబుతాను.

థర్మల్‌లో గిరికీలు కొడుతున్న గుంపును కెటిల్ అంటాం. కెటిల్‌ను లెక్కపెట్టకండి. కొన్ని కుడికి, కొన్ని ఎడమకు తిరుగుతుంటాయి, పైకీ కిందకీ మారుతుంటాయి, ఎంత నేర్పరికైనా అది కుదరని పని. ఆగండి. థర్మల్ పై అంచుకు చేరిన పక్షులు ఒకటొకటిగా రెక్కలు కాస్త ముడిచి నైరుతికి జారడం మొదలుపెడతాయి. అప్పుడు అవి వరసలో వస్తాయి. ఆకాశంలో ఒక మబ్బు అంచునో, చెట్టు కొసనో గీతగా పెట్టుకుని, ఆ గీత దాటిన ప్రతి పక్షికీ క్లిక్కర్ (నొక్కిన ప్రతిసారీ అంకె పెంచే చేతి మీట) ఒకసారి నొక్కండి. వరస మరీ ఒత్తుగా ఉంటే ముందు పది పక్షులు ఎంత వెడల్పున ఉన్నాయో కంటికి పట్టించి పదులుగా లెక్కించాలి. కెటిల్ కింద భాగంలో కొత్త పక్షులు చేరుతూనే ఉంటాయి. ఒక మనిషి పై నుంచి పోయేవాటిని లెక్కపెడితే ఇంకో మనిషి ఆకాశం మిగతా భాగం చూసుకోవాలి. ఆ రెండో మనిషి పని మీకు ఇస్తారు. గుంపు మీద అందరి కళ్లూ ఉన్నప్పుడు వెనక నుంచి ఒంటరిగా ఒక ఆస్ప్రే దాటిపోవడం మామూలే.

గుర్తుపట్టలేని పక్షికి ఫారంలో గడులు ఉన్నాయి. తెలియని యాక్సిపిటర్ (షార్ప్‌షిన్, కూపర్స్ రకం), తెలియని బ్యూటియో (రెడ్‌టెయిల్, బ్రాడ్‌వింగ్ రకం), తెలియని ఈగిల్, అసలేమీ తెలియని డేగ. వాటిని ధైర్యంగా వాడండి. ఊహించి రాసిన కూపర్స్ కన్నా "తెలియని యాక్సిపిటర్" వంద రెట్లు విలువైనది. పదేళ్ల తర్వాత ఆ కాగితం చూసేవాడికి మీ ఊహ ఊహ అని తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి. గంటగంటకూ ఫారం నింపాలి. ఆ గంటలో దాటిన జాతులూ సంఖ్యలూ మాత్రమే కాదు, గాలి దిక్కు, వేగం, ఉష్ణోగ్రత, ఎంత ఆకాశం మబ్బు కప్పింది, ఎంత దూరం కనబడుతోంది, పక్షులు ఏ ఎత్తున పోతున్నాయి, చూసేవాళ్లు ఎందరు. ఒక్క పక్షీ రాని గంటకు సున్నా రాయాలి. ఖాళీగా వదలకూడదు. సున్నా అంటే "చూశాం, రాలేదు". ఖాళీ అంటే "చూడలేదు". ఈ రెంటికీ తేడా చెరిగిపోతే ఆ రోజు లెక్కంతా పనికిరాదు.

కొత్తపిట్ట | సెప్టెంబరు 8, ఉదయం 7:31

చాలా థ్యాంక్స్ మాస్టారూ, అందరికీ కూడా. సున్నా సంగతి నాకు తట్టనే లేదు. మరి కొండ చుట్టుపక్కలే ఉండే రాబందులు, రెడ్‌టెయిల్స్ ఉంటాయి కదా, అవి రోజంతా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటాయి. వాటినేం చేస్తారు?

లెక్కలమాస్టారు | సెప్టెంబరు 8, ఉదయం 8:10

లెక్కలోకి తీసుకోం. పక్షి వలస దిక్కుకు, అంటే దక్షిణానికో నైరుతికో, మన గీత దాటి కనుమరుగయ్యే దాకా చూడాలి. తిరిగి వెనక్కొస్తే లేదు. అక్కడ కొంతకాలం కూర్చున్నవాళ్లకు స్థానిక పక్షులు ముఖపరిచయమే. రెక్కలో ఒక ఈక ఊడినది, తోక అరిగినది, అలా. ఎక్కువ సందేహం రాబందులతోనే వస్తుంది, అందుకని వాటి లెక్కలు చదివేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉంటాం.

పాతకాగితం | సెప్టెంబరు 8, రాత్రి 10:48

"ఉపయోగం ఉందా" అన్న ప్రశ్న దగ్గర ఎవరూ ఆగలేదు కాబట్టి నేను ఆగుతాను. దానికి జవాబు పెన్సిల్వేనియాలో కిటాటిని వరస మీద హాక్ మౌంటెన్‌లో ఉంది.

1929లో ఆ రాష్ట్రపు వేట శాఖ పెద్ద డేగ అయిన గోస్‌హాక్‌ను చంపినవాళ్లకు 5 డాలర్ల బహుమానం ప్రకటించింది. పేరుకు గోస్‌హాక్, కానీ శరత్కాలంలో తుపాకులు పట్టుకుని ఆ కొండెక్కినవాళ్లు దగ్గరగా పోయే ప్రతి డేగనూ కాల్చారు. డేగ అంటే కోళ్లనూ మనుషులు వేటాడే పక్షులనూ తినే పీడ అన్నది అప్పటి అభిప్రాయం. 1932లో రిచర్డ్ పౌ అనే యువకుడు అక్కడికి వెళ్లి, చచ్చిన డేగలను అడవి నేల మీద వరసలుగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు న్యూయార్క్‌లో రోజలీ ఎడ్జ్ కంటపడ్డాయి. ఆమె స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి వచ్చిన మనిషి. పెద్ద పక్షి సంఘాలు కదులుతాయేమోనని చూసింది, కదల్లేదు. 1934లో తనే ఆ కొండ మీద దాదాపు 1,400 ఎకరాలు కౌలుకు తీసుకుని, మారిస్ బ్రౌన్ అనే యువ పక్షిశాస్త్రజ్ఞుణ్ణి కాపలాకు పెట్టింది. అతని భార్య ఇర్మా దారి మొదట్లో నిలబడి తుపాకులతో వచ్చినవాళ్లను వెనక్కి పంపేది. వేటగాళ్ల ముందు ఒక మనిషి అలా నిలబడటానికి ఎంత గుండె ఉండాలో ఆలోచించండి. ఆ ఏడాది శరత్కాలం నుంచే కాల్పులు ఆగాయి, బ్రౌన్ లెక్క మొదలుపెట్టాడు.

రెండో ప్రపంచయుద్ధపు ఏళ్లు తప్పిస్తే ఆ లెక్క ఈనాటికీ ఆగలేదు. ప్రపంచంలో ఇంత కాలంగా నడుస్తున్న డేగల లెక్క ఇంకోటి లేదు. ఏటా ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 వరకు అదే రాళ్ల మీద కూర్చుని చూస్తారు.

ఇప్పుడు ఉపయోగం సంగతి. బ్రౌన్ బాల్డ్ ఈగిల్స్‌ను లెక్కపెట్టడమే కాదు, అందులో పిల్లపక్షులెన్ని, పెద్దవెన్ని అని విడిగా రాశాడు. 1935 నుంచి 39 దాకా నూటికి 40 పిల్లపక్షులు. 1955 నుంచి 59కి వచ్చేసరికి 20. 1957లో అయితే 32 పెద్ద పక్షులకు ఒక్క పిల్ల. పెద్దవి బతికే ఉన్నాయి, గూళ్లు పెడుతున్నాయి, పిల్లలు మాత్రం రావడం లేదు. రచయిత్రి రేచల్ కార్సన్ 1962 నాటి తన పుస్తకం "సైలెంట్ స్ప్రింగ్"లో డీడీటీ అనే పురుగుమందు మీద కట్టిన వాదనలో ఈ అంకెలు ఉన్నాయి. డీడీటీ విరిగి పక్షి ఒంట్లో మిగిలే పదార్థం గుడ్డు పెంకును పలచన చేస్తుందని, తల్లి పొదిగితే గుడ్డు చితికిపోతుందని తర్వాత తేలింది. 1972లో అమెరికాలో డీడీటీ వాడకాన్ని నిషేధించారు. అదే ఏడాది మెక్సికోతో ఉన్న వలసపక్షుల ఒప్పందంలోకి డేగలనూ గుడ్లగూబలనూ చేర్చారు. 2007లో బాల్డ్ ఈగిల్ ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి బయటకొచ్చింది.

బ్రౌన్ మొదలుపెట్టినప్పుడు డీడీటీని పురుగుమందుగా వాడొచ్చని కూడా ఎవరికీ తెలియదు. అతను దేనికోసమని వెతకలేదు. ఏటా ఒకే చోట కూర్చుని ఒకే రకంగా రాశాడు. అవసరం వచ్చినప్పుడు అంకెలు సిద్ధంగా ఉన్నాయి.

మబ్బుచాటు | సెప్టెంబరు 9, ఉదయం 11:15

పాతకాగితం గారు రాసింది చదివితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది ఈగిల్ కథ, అందులోనూ పిల్లల నిష్పత్తి కథ. నిష్పత్తిని గాలి మార్చలేదు. మొత్తం సంఖ్యల విషయానికొస్తే నాకు అంత నమ్మకం లేదు, ఎందుకో చెబుతాను.

తూర్పు అమెరికాలో చాలా కొండల మీద రెడ్‌టెయిల్స్ తగ్గుతూ వచ్చాయి. ఆ అంకెలు మాత్రమే చూసినవాడు రెడ్‌టెయిల్ అంతరించిపోతోందని అంటాడు. నిజం ఏమిటంటే చలికాలాలు మెత్తబడి చాలా పక్షులు ఉత్తరానే ఆగిపోతున్నాయి. కొండ దాకా రానేరావు. అలాగే ఒక ఏడు తూర్పుగాలి ఎక్కువుంటే పక్షులు వేరే దారిన పోతాయి, లెక్క పడిపోతుంది. పైగా ఒకప్పుడు ఇద్దరు చూసిన చోట ఇప్పుడు వారాంతాల్లో నలభై మంది చూస్తున్నారు. ఎక్కువ కళ్లకు ఎక్కువ పక్షులు దొరుకుతాయి. ఇన్ని కదిలే వాటి మధ్య ఒక కొండ మీది అంకెకు అర్థం ఎంత? ట్యాగు పెట్టిన పక్షి అబద్ధం చెప్పదు. ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది, ఎక్కడ చచ్చింది, అన్నీ చెబుతుంది.

లెక్కలమాస్టారు | సెప్టెంబరు 9, రాత్రి 8:37

మబ్బుచాటు గారూ, మీరు చెప్పిన మూడు చిక్కులూ నిజమే. ఒక్కటీ కాదనను. కానీ వాటికి జవాబులు లెక్కలోనే ఉన్నాయి.

గాలి మాటకొస్తే, గంటగంటకూ గాలి రాయించేది అందుకే. విశ్లేషించేటప్పుడు గాలి ప్రభావాన్ని విడదీస్తారు. కళ్ల సంఖ్య కూడా రాస్తాం. మొత్తం పక్షులు కాకుండా గంటకు ఎన్ని అని చూస్తాం. ఒక కొండ సరిపోదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఉత్తర అమెరికా డేగల వలస సంఘం, అదే హెచ్‌ఎంఏఎన్ఏ, 1974లో పుట్టింది. వందలాది కొండల, తీరాల లెక్కలు ఒకే రకం ఫారంలో ఒకచోట చేరతాయి. వాటినుంచి రాప్టర్ పాపులేషన్ ఇండెక్స్ అని జాతివారీ ధోరణులు తీస్తారు.

రెడ్‌టెయిల్ విషయంలో మీరన్న జవాబు ఎలా తేలింది? కొండ లెక్కను చలికాలంలో జరిగే క్రిస్మస్ పక్షుల లెక్కతో పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది. ఇక్కడ తగ్గింది, ఉత్తరాన చలికాలపు లెక్కలో పెరిగింది, కాబట్టి పక్షి పోలేదు, చోటు మారింది. కొండ లెక్క లేకపోతే చోటు మారిందన్న సంగతే ఎవరికీ తట్టేది కాదు. ఇప్పుడు కెస్ట్రెల్ చూడండి. తూర్పు కొండల మీద తగ్గుతోంది, వేసవిలో గూళ్ల కాలపు సర్వేలో తగ్గుతోంది, చాలా చోట్ల గూటిపెట్టెల్లో చేరేవీ తగ్గాయి. మూడూ ఒకే మాట చెబుతున్నాయంటే అది చోటు మారడం కాదు.

ట్యాగులంటే నాకూ ఎంతో గౌరవం. బ్రాడ్‌వింగ్ పెన్సిల్వేనియాలో గూడు పెట్టి దక్షిణ అమెరికా దాకా ఏ దారిన పోతుందో ట్యాగే చెప్పింది. కానీ ట్యాగు పెట్టగలిగేది కొన్ని పదుల పక్షులకు. ఆ కొన్ని ఎటు పోయాయో తెలుస్తుంది, మిగతా లక్షలు ఉన్నాయో లేవో తెలియదు. రాడార్ అయితే ఏదో పోతోందని చెబుతుంది, అది పిల్లదో పెద్దదో చెప్పదు.

మబ్బుచాటు | సెప్టెంబరు 10, ఉదయం 7:02

కెస్ట్రెల్ ఉదాహరణ బాగుంది మాస్టారూ, ఒప్పుకుంటాను. మూడు వేర్వేరు దారులు ఒకే చోటికి చేరితే అప్పుడు నమ్మొచ్చు. అయితే చూసిన గంటలూ చూసినవాళ్ల సంఖ్యా సరిగ్గా రాయని ఏ కొండ లెక్కనూ నేను లెక్కలోకి తీసుకోను. మంచి రోజులే ఎంచుకుని వెళ్లి, పెద్ద అంకె వస్తే పోస్టు పెట్టి, రాని రోజు మాట ఎత్తనివాళ్లు చాలామంది ఉన్నారు. అది సరదా, తప్పు లేదు. కానీ దాన్ని లెక్క అనకూడదు.

దక్షిణతీరం | సెప్టెంబరు 10, సాయంత్రం 5:44

చర్చ అపలాచియన్ దగ్గరే తిరుగుతోంది కాబట్టి మిగతా ప్రపంచం సంగతి కాస్త.

హాక్ మౌంటెన్‌లో ఒక శరత్కాలం మొత్తానికి సగటున 18 వేల చిల్లర పక్షులు దాటతాయి. మెక్సికోలో వెరాక్రూజ్ దగ్గర ఒక్క సీజన్‌లో నలభై లక్షలకు పైన. ఎందుకంటే థర్మల్స్ నీళ్ల మీద లేవవు. ఉత్తర అమెరికాలో పుట్టిన బ్రాడ్‌వింగ్, స్వైన్సన్స్, టర్కీ వల్చర్ ఇవన్నీ గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం దాటకుండా చుట్టూ తిరిగి వస్తాయి. ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో సన్నటి మైదానం. ఖండమంతటి పక్షులు ఆ సందులోంచే పోవాలి. నేను చూశాను. మధ్యాహ్నం వేళ వరస ఈ దిగంతం నుంచి ఆ దిగంతం దాకా తెగలేదు. అక్కడ లెక్కపెట్టేవాళ్ల చేతిలో ఒక్కో జాతికి ఒక్కో క్లిక్కర్ ఉంటుంది.

ఇదే సూత్రం మీద నల్లసముద్రం ఒడ్డున జార్జియాలోని బాటుమి దగ్గర 2008 నుంచి లెక్క జరుగుతోంది, అక్కడ పది లక్షలు దాటుతాయి. మినెసోటాలో డులూత్ దగ్గర హాక్ రిడ్జ్ కూడా అంతే. లేక్ సుపీరియర్ దాటడానికి ఇష్టపడని పక్షులు ఒడ్డు పట్టుకుని నైరుతికి వస్తాయి. 2003 సెప్టెంబరు 15న ఆ ఒక్క కొండ మీద ఒక్క రోజులో లక్షకు పైగా డేగలు దాటాయి. నేపాల్‌లో పొఖరా దగ్గర తూలఖర్క మీద నుంచి చూస్తే స్టెప్పీ ఈగిల్స్ దక్షిణానికి కాకుండా హిమాలయాల వెంబడి పడమటికి పోతుంటాయి.

మన దేశం మాట వస్తే నాగాలాండ్ అముర్ ఫాల్కన్లు అందరికీ తెలిసినవే. అది కొండ మీది లెక్క కాదు, డోయాంగ్ జలాశయం దగ్గర రాత్రి చెట్ల మీద వాలే గుంపులు. 2012లో అక్కడ వలలతో వేల సంఖ్యలో పట్టడం బయటపడింది, మరుసటి ఏడే ఊళ్లవాళ్లు పూర్తిగా ఆపేశారు. తుపాకులు పట్టినవాళ్ల కొండ అభయారణ్యం అయిన కథకూ దీనికీ పోలిక కనిపిస్తుంది నాకు. తేడా ఏమిటంటే ఇక్కడ పట్టినవాళ్లే కాపలాదారులయ్యారు.

రాళ్లగుట్ట | సెప్టెంబరు 10, రాత్రి 9:19

దక్షిణతీరం గారి అంకెలు చూసి కొత్తపిట్ట గారు చిన్నకొండ అని నిరాశపడొద్దని మనవి. లక్షలు దాటే చోట పక్షి మొహం కనబడదు. మన కొండల మీద కనబడుతుంది.

గాలివాటం | సెప్టెంబరు 14, సాయంత్రం 7:26

ఈరోజు ఫ్రంట్ దాటింది, కొండెక్కాను. పొద్దున తొమ్మిదింటి దాకా లోయంతా మంచు, ఏమీ లేదు. సున్నాలు రాశాం. తొమ్మిదిన్నర తర్వాత మంచు విచ్చుకుంటుంటే కింద చెట్ల గుబుర్లలోంచి బ్రాడ్‌వింగ్‌లు ఒకటొకటిగా లేచాయి. రాత్రి ఆ అడవిలోనే పడుకున్నాయన్నమాట. మొదట్లో గాలి బలహీనం కనుక రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ చిన్న చిన్న చుట్లు తిరిగాయి. ఒకదానికి ఎత్తుగాలి దొరకగానే చుట్టుపక్కలవన్నీ దాని దగ్గరకు చేరాయి. పక్కదాన్ని చూసే గాలి ఎక్కడుందో అవి తెలుసుకుంటాయి.

మధ్యాహ్నం గాలి వాయవ్యానికి స్థిరపడ్డాక ఒక షార్ప్‌షిన్ రాళ్లకింద నుంచి సరిగ్గా మా పాదాల ఎత్తున వచ్చింది. పెద్ద పక్షి. పైనుంచి చూస్తున్నాం కనుక వీపు కనబడింది, నీలం కలిసిన బూడిద రంగు. కన్ను ఎర్రగా ఉంది. గాలి ఉద్ధృతికి తోక ఒక పక్కకు మెలితిప్పి, రెక్క చివరి ఈకలు విడివిడిగా విప్పి, మళ్లీ మూసుకుంది. గొంతు కింద సంచి ఉబ్బి ఉంది, దారిలో ఏదో పిట్టను తిని వచ్చింది. మమ్మల్ని ఒక్క చూపు చూసి కర్ర మీద పెట్టిన గుడ్లగూబ బొమ్మ మీదికి దూకి, కాళ్లు చాపి, తాకకుండా తిరిగిపోయింది. అంతా నాలుగైదు సెకన్లు. పక్కనున్న పిల్లవాడు రోజంతా దాని గురించే మాట్లాడాడు. ఆ బొమ్మను అక్కడ పెట్టేది ఇందుకే. దూరంగా పోయే పక్షి గుడ్లగూబను తరమడానికని దగ్గరకు వస్తుంది, గుర్తుపట్టడం తేలికవుతుంది.

కొత్తపిట్ట గారూ, సూచన చూశాను. మీరు వెళ్లే వారం మధ్యలో ఇంకో ఫ్రంట్ ఉంది. కొండ మీద కిందకన్నా బాగా చలి, రాళ్ల మీద కూర్చోవాలి. మెత్తటి దిండు ఒకటి, గాలి ఆపే చొక్కా, నీళ్లు మర్చిపోకండి. మెడ నొప్పి రాకుండా వెనక్కి వాలి కూర్చోగల చోటు చూసుకోండి.

కొత్తపిట్ట | సెప్టెంబరు 14, రాత్రి 8:03

అన్నీ రాసుకున్నాను. ఇంకొక్క ప్రశ్న. సెప్టెంబరు అయ్యాక ఆపేయొచ్చా, లేక తర్వాత కూడా వెళ్లడం మంచిదా? బ్రాడ్‌వింగ్‌లు అయిపోయాక జనం ఉండరని విన్నాను.

దుర్భిణి | సెప్టెంబరు 14, రాత్రి 9:40

జనం ఉండరు కాబట్టే వెళ్లాలి. అక్టోబరు మొదట్లో షార్ప్‌షిన్, కూపర్స్, మెర్లిన్, పెరిగ్రిన్ ఒకేసారి నడుస్తాయి. ఒక రోజులో ఎక్కువ జాతులు చూడాలంటే అదే సమయం. అక్టోబరు చివరినుంచి రెడ్‌టెయిల్స్, రెడ్‌షోల్డర్స్. నవంబరు మొదటి వారాలు గోల్డెన్ ఈగిల్‌వి. క్విబెక్, లాబ్రడార్ వైపు గూళ్లు పెట్టే ఈ తూర్పు గోల్డెన్ ఈగిల్స్ చాలా తక్కువ, అవి అపలాచియన్ వరస పట్టుకునే దిగుతాయి. బ్రౌన్ లెక్క మొదలుపెట్టిన రోజుల్లో తూర్పున ఇవి ఏటా వస్తాయంటే పండితులు నమ్మలేదు. ఆ కాలంలో సాయానికి వచ్చేవాళ్లు బాగా తక్కువ. ఒక్కరే కూర్చుని కెటిల్ లేని ఆకాశాన్ని ఏడెనిమిది గంటలు చూస్తున్న లెక్కదారుకు రెండో జత కళ్లు ఎంత సాయమో వెళ్తే తెలుస్తుంది.

లెక్కలమాస్టారు | సెప్టెంబరు 15, ఉదయం 6:12

నవంబరులో వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ నెల మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డేగలకు అది తెలియదు కనుక ఫారంలో గంటలను సీజన్ మొదటినుంచీ ప్రామాణిక సమయంలోనే రాస్తాం. అంటే సెప్టెంబరులో మీ చేతి గడియారం పది చూపిస్తే ఫారంలో తొమ్మిది. మీరు వెళ్లగానే లెక్కదారును అడిగి ఆ కొండ మీద ఏ సమయం వాడుతున్నారో తెలుసుకుని, మొదటి గడి నింపేముందే దాన్ని ఫారం పైన రాయండి.